బస్టాపుల్లో మా తోడికోడలు

మా తోడికోడలి ముఖం ఈ ఊళ్ళో చూడనివాళ్ళు తక్కువ. బస్టాపుల్లో ఉంది, రైల్వే స్టేషను మెట్ల పక్కన ఉంది, పన్నుల ఆఫీసులో మంచినీళ్ళ కుళాయి పైన ఉంది. తలకి తెల్లగుడ్డ కట్టుకుని, రెండు చేతులతో దుప్పటి కొసలు పట్టుకుని, పళ్ళన్నీ కనబడేట్టు నవ్వుతూ ఉంటుంది. కింద పెద్ద అక్షరాలతో "మన ఇల్లు ఒకటే, మనమంతా ఒకటే" అని రాసి ఉంటుంది. ఆ బొమ్మ గోడలకెక్కినప్పటినుంచే ఆమెకి బొమ్మక్క అని పేరు పడింది. నేను మాత్రం అక్కా అనే పిలుస్తాను. మా వారి అన్నగారి భార్య. పదకొండేళ్ళుగా మూడు గదుల ఇంట్లో రెండు కాపురాలం, ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. కాబట్టి గోడ మీద లేని సంగతులు నాకు కొన్ని తెలుసు.

సరిహద్దు దాటి రాకముందు అక్క భూములు కొలిచే ఆఫీసులో పనిచేసేది. కొలత గొలుసు పట్టే మనుషులు నలుగురు ఆమె చేతికింద ఉండేవారు. గట్ల మీద నడిచి, కొలిచి, పుస్తకంలో గీసి, అన్నదమ్ముల పొలాల మధ్య హద్దురాళ్ళు పాతించేది. "నేను రాయి పాతించానంటే ఇంక ఎవరూ నోరెత్తేవాళ్ళు కాదు" అని ఒకసారి కూర తరుగుతూ అంది. తర్వాత అక్కడ రాళ్ళతో తీరే తగువులు పోయి వేరే తగువులొచ్చాయి. అందరం వచ్చేశాం. ఇక్కడ ఉద్యోగాల ఆఫీసులో ఆమె సర్టిఫికెట్టు చూపిస్తే, కౌంటర్లో అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బావుందండీ, జాగ్రత్తగా దాచుకోండి" అని వెనక్కిచ్చింది. ఆ మాట మా ఇంట్లో చాలాకాలం నవ్వులాటగా తిరిగింది. ఏది కనబడకపోయినా, "జాగ్రత్తగా దాచుకున్నాం కదా" అనేవాళ్ళం.

అక్కకి పెద్దాసుపత్రి లాండ్రీలో పని దొరికింది. నేలమాళిగలో పొడుగాటి గది. ఒకవైపు ఉతికే మిషన్లు, మధ్యలో ఆరబెట్టేవి, చివర ఇస్త్రీ రోలరు. రోలరు దగ్గర నిలబడితే చలికాలంలో కూడా వీపు తడిసిపోతుంది. జుట్టు మిషన్లో పడకుండా అందరూ తలకి తెల్లగుడ్డ కట్టుకోవాలని రూలు. రోలరులోంచి వచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో కొసా పట్టుకుని, ఒకరికొకరు ఎదురుగా నడిచొచ్చి మడతపెట్టాలి. రోజుకి ఆరేడు వందల దుప్పట్లు. అంటే రోజుకి ఆరేడు వందలసార్లు ఎదుటిమనిషి ముఖంలో ముఖం పెట్టి చూడాలి. నచ్చని మనిషైతే నరకమే.

అక్కకి ఎదురుగా పడినావిడ ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి. గడకర్రలాగా పొడుగు, గొంతు దానికన్నా పొడుగు. అక్కకి ఇక్కడి భాష నేర్పింది ఆవిడే, దుప్పటి దుప్పటికీ ఒక మాట చొప్పున. మొదటి పది మాటల్లో ఆరు తిట్లు. ఒకసారి వెన్నునొప్పితో అక్క డాక్టరు దగ్గరికెళ్ళి, నొప్పి ఎలా ఉందని అడిగితే ఆ ఆరింట్లో ఒకటి అనేసింది. డాక్టరు రాసుకుంటూ, "అర్థమైందమ్మా, చాలా ఎక్కువగా ఉందన్నమాట" అన్నాడట. బదులుగా అక్క ఆవిడకి మన మాటలు నేర్పింది. వదిన అంటే ఏమిటో చెబితే ఆవిడకి భలే నచ్చి, "అయితే నన్నలాగే పిలువు. నాకు అన్నదమ్ములు లేరు, ఉత్తపుణ్యానికి వదిననవుతా" అంది. ఆ రోజునుంచి లాండ్రీలో ఆవిడ వదినే. తొమ్మిదేళ్ళు ఒకరికెదురుగా ఒకరు నడిచారు.

ఆ ఫొటో తీసిన రోజు, ప్రభుత్వ ఐక్యతా విభాగం నుంచి ఒక మేడం, ఒక ఫొటోగ్రాఫరు ఆసుపత్రికొచ్చారు. వలసొచ్చినవాళ్ళు, ఇక్కడివాళ్ళు కలిసి పనిచేస్తున్న బొమ్మలు కావాలన్నారు. వాళ్ళు వచ్చేసరికి, దులుపుతున్న దిండు గలీబులోంచి ఎవరివో కట్టుడుపళ్ళు టపీమని కిందపడ్డాయి. వదిన వాటిని వేళ్ళతో ఎత్తి, "సూపర్‌వైజరు గారూ, మీరు మొన్న వెతుక్కున్నవి ఇవేనా చూడండి" అంది. అక్కకి నవ్వు ఆగలేదు. కెమెరా అప్పుడే క్లిక్కుమంది. సూపర్‌వైజరు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నాడు. సన్నటి అక్షరాలు, ఆరు పేరాలు. ఎదురుగా రోలరు తిరుగుతోంది, దుప్పట్లు కుప్పపడుతున్నాయి. అక్క పెట్టేసింది.

నెల తర్వాత బస్టాపులో బొమ్మ చూస్తే అందులో వదిన లేదు. దుప్పటి అవతలి కొస పట్టుకున్న రెండు చేతులు మాత్రం, మణికట్టు దాకా ఉన్నాయి. అక్క సిగ్గుపడుతూ ఆ సంగతి చెబితే ఆవిడ, "తెలిసుంటే గోళ్ళు కత్తిరించుకునొచ్చేదాన్ని" అని నవ్వేసింది. అప్పటికి అందరం నవ్వుకున్నాం. మా బావగారైతే పని నుంచి వచ్చే దారిలో ప్రతి బస్టాపులోనూ ఆగి చూసి, "ఇవాళ్టికి మీ అక్క నాకు ఎనిమిదిసార్లు కనబడింది, ఇంట్లో మాత్రం లేదు" అనేవారు.

బావగారి సంగతి చెప్పాలి. మా అందరికీ స్థిరంగా ఉండే అనుమతి వచ్చింది, ఆయనకి రాలేదు. ఏడాది ఆలస్యంగా దాటడంతో ఆయన వేరే లెక్కలోకి వెళ్ళిపోయారు. ఆరు నెలలకోసారి వరసలో నిలబడి పొడిగించుకోవాలి. ఫైలు ఎప్పుడూ "పరిశీలనలో" ఉంటుంది. ఇళ్ళకి గచ్చు పలకలు పరిచే పని ఆయనది. ఊరంతా ఆయన వేసిన గచ్చు మీద నడుస్తోంది, ఆయనకి మాత్రం కాలికింద గట్టి నేల లేదు. బొమ్మ గోడలకెక్కినప్పుడు, ఇంక ఆ ఫైలు కదులుతుందని మేమంతా లోపల్లోపల అనుకున్నాం.

విభాగం మేడం నెలకోసారి అక్కని సభలకి పిలవసాగింది. బడులు, కార్యాలయాలు, వృద్ధాశ్రమాలు. మర్యాద తెలిసిన మనిషి, ఒక్కనాడు కూడా గొంతు పెంచలేదు. మొదటిసారి పిలిచినప్పుడు, తలగుడ్డ కట్టుకుని రమ్మంది.

"అది లాండ్రీ గుడ్డండీ. పని అయ్యాక ఎవరూ కట్టుకోరు" అంది అక్క.

"మీ సంప్రదాయం కదా అనుకున్నానే."

"కాదండీ. అక్కడ అందరూ కట్టుకుంటారు. ఫొటోలో పక్కనున్నావిడ కూడా కట్టుకుంది, మీరు కోసేశారు."

మేడం కాసేపు ఆలోచించింది. "జనం మిమ్మల్ని దాంతోనే గుర్తుపడుతున్నారండీ. కట్టుకుంటేనే బావుంటుంది."

అలా ఆసుపత్రి తలగుడ్డ మా జాతి ఆచారమైంది. ఒక బళ్ళో పిల్లలు తలకి తెల్లగుడ్డలు కట్టుకుని వరసగా నిలబడి అక్కకి స్వాగతం చెప్పారట. ఆ సంగతి చెబుతూ నవ్వబోయింది గానీ సగంలో ఆపేసింది.

చదవడానికి మేడం ఒక కాగితం కూడా ఇచ్చింది. అందులో రెండో వాక్యం: "ఈ దేశం వచ్చేదాకా నేను ఏ ఉద్యోగమూ ఎరగను." అక్క ఆ వాక్యం మార్చమని అడిగింది. భూములు కొలిచే పని గురించి చెప్పింది. మేడం శ్రద్ధగా విని, "చాలా గొప్ప విషయమండీ. కానీ వినేవాళ్ళకి గందరగోళంగా ఉంటుంది. ఇలా అయితే సులువుగా ఎక్కుతుంది" అంది. బావగారి పొడిగింపు ఆ వారమే. అక్క ఉన్నదున్నట్టు చదివింది. ఆ సభ జరిగింది అక్కవాళ్ళమ్మాయి చదివే బళ్ళోనే. పిల్లకి పద్నాలుగేళ్ళు. ఇంటికొచ్చాక పుస్తకాల సంచి కూడా దించకుండా, "అమ్మా, నువ్వు హద్దురాళ్ళ కథలు చెప్పేదానివి కదా, అవి వట్టివా?" అని అడిగింది. అక్క దాని ముఖంలోకి చూడకుండా, "అన్నానికి రా" అంది. ఆ రోజు నుంచి ఆ పిల్ల తల్లిని ఏ కథా అడగలేదు.

మనవాళ్ళలో రెండు రకాలు తయారయ్యారు. కొందరు మా గుమ్మం ముందు కాగితాలు పట్టుకుని నిలబడేవారు, అక్కకి పలుకుబడి ఉందనుకుని. భర్తగారి ఫైలే కదలడం లేదని చెబితే నమ్మేవారు కాదు. ఇంకొందరు ఆమె దుకాణంలోకి రాగానే మాట మార్చేసేవారు. "బొమ్మక్క వచ్చింది, నెమ్మది" అని ఒకాయన అనడం నా చెవులతో నేనే విన్నాను. ఇక ఈ ఊరివాళ్ళు బస్సులో గుర్తుపట్టి, "ఏదీ, అలా నవ్వండి ఒకసారి" అనేవారు. నవ్వకపోతే కోపం. ఒకరోజు బస్సు ముప్పావుగంట ఆలస్యమైందని అక్క డ్రైవరుతో మాట్లాడబోతే, వెనకనుంచి ఎవరో, "గోడ మీద బాగానే నవ్వుతావుగా, ఇక్కడేం రోగం" అన్నారు. ఆ తర్వాత ఆమె బస్సెక్కడం మానేసి, బస్టాపుల్లేని సందుల్లోంచి నడిచి వెళ్ళేది. ఇరవై నిమిషాలు చుట్టు.

ఆ ఎండాకాలం లాండ్రీలో ఫ్యాన్లు పాడయ్యాయి. బాగుచేయించమని మూడుసార్లు రాసిచ్చారు, ఎవరూ పట్టించుకోలేదు. ఒక మధ్యాహ్నం రోలరు దగ్గర ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. చెయ్యి రోలరు అంచుకి తగిలి తోలు ఊడింది. ఆ పూటే వదిన అందర్నీ పోగుచేసింది. ఇరవై రెండుమంది. సోమవారం ఎవరూ లోపలికి వెళ్ళకూడదు, గేటు దగ్గర నిలబడాలి. అక్క అందరికన్నా ముందు, "నేనొస్తాను వదినా" అంది. ఆ మాట అన్న సంగతి ఇంటికొచ్చి నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో ఎప్పుడో చూసిన కళ ఒకటి కనబడింది.

శనివారం మేడం ఫోన్ చేసింది. సోమవారం ఉదయం ఒక పెద్ద బళ్ళో సభ ఉందని, వ్యాను పంపిస్తామని.

"సోమవారం కుదరదండీ" అంది అక్క.

"అవునా. ఆసుపత్రి గేటు దగ్గర ఏదో ఉందని విన్నాను. మిమ్మల్ని అక్కడ ఎవరైనా ఫొటో తీస్తే మాకు కొంచెం ఇబ్బందండీ." మళ్ళీ తనే, "మీవారి ఫైలు కూడా ఈ వారమే పైకి వెళ్తోంది కదా. అది వేరే విభాగం, నాకు సంబంధం లేదనుకోండి. ఊరికే గుర్తొచ్చి అన్నాను" అంది.

ఫోన్ పెట్టేసి అక్క చాలాసేపు పొయ్యి ముందు నిలబడిపోయింది. పాలు పొంగి మంట ఆరిపోయినా కదల్లేదు. బావగారు, "నా గురించి చూడకు, నీకు ఏది సబబో అది చెయ్యి" అన్నారు. ఆ మాట విన్నాక ఆయన గురించి తప్ప ఇంక దేని గురించీ చూడలేకపోయింది పాపం. నా దగ్గరికొచ్చి, "నువ్వేమంటావ్?" అంది.

ఇక్కడ నా పాత్ర కూడా దాచకుండా చెప్పాలి. బావగారిని పంపించేస్తే ఈ ఇల్లు రెండు ముక్కలవుతుంది, మా కాపురం ఎటు పోతుందో తెలియదు. నేను, "బడికే వెళ్ళక్కా. వాళ్ళు ఇరవైమంది ఉన్నారు, ఒక్కరు తగ్గితే ఏమవుతుంది" అన్నాను. ఆమె తలూపింది. వదినకి చెప్పమని మాత్రం నేను అనలేదు. ఆమెకీ నోరు రాలేదు.

సోమవారం వ్యాను వచ్చింది. తోడు నన్నూ రమ్మంది అక్క, ఇద్దరం వెనక సీట్లో కూర్చున్నాం. తలగుడ్డ ఇంట్లోనే కట్టుకుంది. ఆ బడికి చాలా దారులున్నాయి గానీ డ్రైవరుకి తెలిసినది ఆసుపత్రి ముందునుంచి పోయేదే. గేటు దగ్గర వాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. అందరూ తలగుడ్డలు కట్టుకునే వచ్చారు. ట్రాఫిక్కు ఆగి, వ్యాను సరిగ్గా వాళ్ళ ముందే నిలిచిపోయింది.

"బాబూ, ఒక్క నిమిషం దిగుతాను" అంది అక్క.

"ఎక్కడా దించొద్దన్నారమ్మా. నేరుగా తీసుకెళ్ళమన్నారు."

అక్క తలుపు పిడి లాగింది. వెనక తలుపులు డ్రైవరు దగ్గర మీటతోనే తెరుచుకునే రకం. రెండోసారి లాగింది. నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను, ఆపడానికో ఓదార్చడానికో నాకే తెలియదు. అప్పుడు వదిన ఇటు చూసింది. అద్దంలోంచి ఇద్దరి చూపులూ కలిశాయి. ఆవిడ అరవలేదు, చెయ్యీ ఊపలేదు. పక్కామెతో ఏదో అని అటు తిరిగిపోయింది. వ్యాను కదిలింది. ఆ రోజు బళ్ళో అక్క కాగితం మొత్తం ఒక్క తప్పు లేకుండా చదివింది. చప్పట్లు బాగా కొట్టారు.

నాలుగు రోజులకి ఫ్యాన్లు వచ్చాయి. వదినని మాత్రం ఆసుపత్రివాళ్ళు వేరే భవనానికి, మెట్లు తుడిచే పనికి మార్చారు. ఆవిడ పది రోజులు చేసి మానేసింది. బావగారికి ఈసారి ఆరు నెలల బదులు ఏడాది ఇచ్చారు. ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టుకుని అందరం చూశాం. ఎవరికీ సంతోషించే ధైర్యం లేకపోయింది.

అక్క ఒక పూట సెలవు పెట్టి విభాగానికి వెళ్ళింది, బొమ్మ తీసేయమని అడగడానికి. టోకెను ఇచ్చారు, నలభై ఏడు. కూర్చోడానికి ఖాళీగా ఉన్న ఒకే కుర్చీ ఆమె బొమ్మ కిందే ఉంది. రెండు గంటలు దాని కిందే కూర్చుంది, ఒక్కరూ గుర్తుపట్టలేదు. తలగుడ్డ లేదుగా. గుమస్తా ఆమె చెప్పిందంతా విని, బొమ్మ వైపు చూసి, ఆమె వైపు చూసి, "ఆ బొమ్మలో మనిషి మీరేనని ఏదైనా రుజువుందా?" అని అడిగాడు.

"నా ముఖం ఉంది కదండీ."

"ముఖాలు ఫైల్లో పెట్టలేం కదమ్మా" అని, అతనే లోపలికెళ్ళి ఆ రోజు సంతకం పెట్టిన కాగితం వెతికి తెచ్చాడు. మంచివాడే, ఓపిగ్గా నాలుగో పేరా చదివి వినిపించాడు. బొమ్మని ఎక్కడైనా, ఎంతకాలమైనా, ఏ రూపంలోనైనా వాడుకోవచ్చు. "మీకు ఇష్టం లేకపోతే సభలకి వెళ్ళడం మానేయండి, ఎవరూ బలవంతం చెయ్యరు. బొమ్మ మాత్రం మాది" అన్నాడు. సభలకి వెళ్ళడం మానేస్తే వచ్చే ఏడాది పొడిగింపు ఏమవుతుందని ఆమె అడగలేదు. అడిగితే అతను చెప్పేది ఆమెకి తెలుసు. అది వేరే విభాగం.

అక్కడినుంచి తిన్నగా వదిన ఇంటికి వెళ్ళింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. తలుపు తీసిన వదిన ఆశ్చర్యపోలేదు. కూర్చోమంది. బల్ల మీద తను బాగుచేస్తున్న గడియారం ముక్కలు పక్కకి జరిపి చోటిచ్చింది.

"మీవారి కాగితాలు వచ్చాయా?" అని అడిగింది మొదట.

"ఏడాదికి."

"పోన్లే."

అక్క, "వ్యాను తలుపు రాలేదు వదినా" అంది.

"చూశాను. నువ్వు లాగడం చూశాను." వదిన గడియారం మర ఒకటి చేతిలోకి తీసుకుంది. "వెళ్ళినందుకు కాదు నా కోపం. ఆదివారమన్నా చెప్పి ఉండాల్సింది. నేను గేటు దగ్గర అందరికీ నువ్వొస్తున్నావని చెప్పాను. నువ్వు లేకుండా మొదలుపెట్టొద్దని అరగంట ఆపాను వాళ్ళని."

వదిన కాఫీ కలిపిచ్చింది, అక్క తాగి వచ్చేసింది. మళ్ళీ రమ్మని ఆవిడ అనలేదు. వస్తానని ఈమె అనలేదు.

ఆ తర్వాత జరిగిన సభలో అక్క కాగితం మడిచి పక్కనపెట్టి, తను భూములు కొలిచేదాన్నని, నలుగురు తన కింద పనిచేసేవారని, ఈ తలగుడ్డ లాండ్రీదని చెప్పేసింది. ఇంటికొచ్చాక మంచం మీద కూలబడింది. ఏమవుతుందోనని మేమంతా వారం రోజులు ఊపిరి బిగబట్టి ఉన్నాం. ఏమీ కాలేదు. మేడం ఫోన్ చేసి మెచ్చుకుంది. అందరికీ ఎంతో నచ్చిందట. మరుసటి నెల కొత్త కాగితం పంపింది. అందులో రెండో వాక్యం: "ఒకప్పుడు నేను మనుషుల మధ్య హద్దులు పాతేదాన్ని. ఈ దేశం నాకు వాటిని చెరపడం నేర్పింది." అక్క అది చదివి నాకిచ్చింది. నేను చదివి వెనక్కిచ్చాను. పక్కన నిలబడి వాళ్ళమ్మాయి కూడా చదివింది. "బాగా రాశారు" అంది ఆ పిల్ల. అందులో ఎంత వెటకారమో, ఎంత నిజమో నాకు తెలియలేదు.

ఇప్పుడు రోలరు దగ్గర అక్కకి ఎదురుగా కొత్తమ్మాయి ఉంది. వచ్చి మూడు వారాలైంది, మన వైపు నుంచే. ఇక్కడి భాష ఒక్క ముక్క రాదు. మొన్న దుప్పటి పట్టుకుని దగ్గరికొస్తూ, "అక్కా, నాకు మీరు ముందే తెలుసు" అందట.

"ఎలా?"

"అక్కడ ఈ దేశానికి రావడానికి దరఖాస్తులిచ్చే ఆఫీసులో మీ బొమ్మ ఉంది. మూడు రోజులు వరసలో నిలబడ్డాను, మూడు రోజులూ దాన్నే చూశాను. వెళ్దామా వద్దా అని నా మనసు ఊగుతున్నప్పుడు, మీరు అంత బాగా నవ్వుతుంటే, సరే వెళ్దాం అనుకున్నాను."

అక్క ఆ అమ్మాయి చేతుల్లోంచి కొసలు అందుకుని మడత పూర్తిచేసింది. "చెయ్యి అంత ముందుకి పెట్టకు, రోలరు లాగేస్తుంది" అని చెప్పి, తర్వాతి దుప్పటి అందుకుంది.

ఆ సాయంత్రం బియ్యం ఏరుతూ ఈ సంగతంతా నాకు చెప్పింది. "ఆ బొమ్మలో నేను నవ్వింది కట్టుడుపళ్ళకని ఆ పిల్లకి చెప్పాలా వద్దా?" అని అడిగింది. పళ్ళెం పూర్తయ్యేదాకా ఇద్దరం రాళ్ళు ఏరుతూనే ఉన్నాం.